బలం ఉన్నవాడే ముందు అడగాలి

"నా వాళ్ళ జోలికి ఎవడైనా వస్తే ఊరుకోను." మగవాళ్ళు నలుగురు కూడిన చోట ఈ మాట ఏదో ఒక రూపంలో వినపడుతూనే ఉంటుంది. జిమ్‌లో అయితే మరీ ఎక్కువ. ఎందుకింత కష్టపడుతున్నావని అడిగితే, చూడ్డానికి బాగుంటుందని చెప్పడం చాలామందికి నామోషీ. కుటుంబాన్ని కాపాడుకోవడానికి అంటే కాస్త గౌరవంగా ఉంటుంది. ఆ మాట అబద్ధమని నేననను, నిజంగానే అలా అనుకుంటారు. నా పేచీ వేరే. ఆ మాట అనేవాళ్ళ ఊహలో ప్రమాదం ఎప్పుడూ బయటినుంచే వస్తుంది. ఎవడో తలుపు తోసుకుని లోపలికి వస్తాడు, మనం అడ్డంగా నిలబడతాం, మన వెనకాల మనవాళ్ళు బిక్కుబిక్కుమంటూ ఉంటారు. అలాంటి రోజు చాలామందికి జీవితం మొత్తంలో ఒక్కసారి కూడా రాదు. రాని రోజు కోసం ఏళ్ళ తరబడి తయారవుతాం. రోజూ వచ్చే పనుల్లో బలాన్ని ఎలా వాడాలో మాత్రం ఎవరినీ అడగం.

ఆ రోజువారీ పనుల గురించే ఈ వ్యాసం. మన బలం మనవాళ్ళకు అండగా ఉందో, బరువుగా ఉందో తేల్చుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. వాళ్ళు ఆగమన్నప్పుడు మనం ఆగుతున్నామా?

ముందు బయటివాడి సంగతి తేల్చేద్దాం. ఐక్యరాజ్యసమితికి చెందిన రెండు విభాగాలు కలిసి 2024లో ఒక నివేదిక ఇచ్చాయి. 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు 85,000 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు హత్యకు గురయ్యారని అందులో ఉంది. వాళ్ళలో దాదాపు 51,100 మందిని చంపింది భర్తో, సహచరుడో, కుటుంబంలోని మరొకరో. నూటికి అరవై మంది అన్నమాట. సగటున రోజుకు 140 మంది. తలుపు తోసుకుని వచ్చే ఆ అపరిచితుడి కోసం కాపలా కాస్తున్నవాళ్ళంతా ఒకసారి తలుపు లోపలివైపు కూడా చూడాల్సిన లెక్క ఇది.

హత్య దాకా వెళ్ళే ఇళ్ళు కొన్నే. భయం దగ్గరే ఆగిపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి. తాళం తిప్పిన చప్పుడు వినగానే లోపల మాటలు తగ్గిపోతాయి. టీవీ గొంతు తగ్గుతుంది. పిల్లలు నాన్న చేతిలో ఏం తెచ్చాడో చూడరు, మొహం ఎలా ఉందో చూస్తారు. ఆ ఇంటాయన్ని అడగండి, "నేనెప్పుడూ చెయ్యి చేసుకోలేదే" అంటాడు. నిజమే కావచ్చు. కానీ మనిషి చెయ్యి ఎత్తకుండా కూడా తన ఒంటి బరువుతో మాట్లాడగలడు. వాదన జరుగుతున్నప్పుడు ఎక్కడ నిలబడ్డాడన్నది చూడండి. మనకంటే ఎత్తు, లావు ఉన్న మనిషి గది గుమ్మంలో నిలబడి గొంతు పెంచితే, లోపల ఉన్నవాళ్ళకు బయటికి దారి లేదు. ఆయనకు ఆ ఆలోచనే ఉండకపోవచ్చు. లోపల ఉన్న మనిషికి ఆ ఒక్క ఆలోచనే ఉంటుంది. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను. మాటా మాటా పెరుగుతున్నప్పుడు కూర్చుంటాను, గుమ్మానికి దూరంగా. కూర్చున్న మనిషి అరవడం కొంచెం కష్టం కూడా, ప్రయత్నించి చూడండి.

"కోపం వస్తే నా వల్ల కాదండీ, ఆపుకోలేను" అనేవాళ్ళ మాట నేను నమ్మను. పై అధికారి పదిమందిలో తీసిపారేసినా వీళ్ళకు కోపం ఆగుతుంది. పోలీసు ఆపి గద్దించినా ఆగుతుంది. తనకంటే బలమైన ప్రతి మనిషి దగ్గరా ఆగే కోపం ఇంటికొచ్చేసరికి ఆగదంటే, అది ఆపుకోలేకపోవడం ఎలా అవుతుంది? ఆపుకోనక్కర్లేదని తెలిసిన చోట వదలడం అది. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. వీధిలో పిల్లులు ఇంట్లో పులులవుతున్నాయని కూడా వాళ్ళే అన్నారు.

జపాన్‌లో 1882లో జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు జూడో అనే కుస్తీ లాంటి విద్య మొదలుపెట్టాడు. దాన్ని నేర్చుకునేవాళ్ళకు అవతలి మనిషిని పడేయడం కంటే ముందు పడటం నేర్పిస్తారు. దెబ్బ తగలకుండా నేల మీద ఎలా పడాలో వచ్చాకే మిగతావి. పడేసేవాడికీ ఒక బాధ్యత ఉంటుంది. సాధనలో ఎదుటివాణ్ణి నేలకు పడేస్తున్నప్పుడు వాడి చొక్కా చేతిని వదలడు. చివరి క్షణంలో కాస్త పైకి లాగి పట్టుకుంటాడు, తల నేలకు కొట్టుకోకుండా. అన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి. మెడ మీదో, మోచేతి కీలు మీదో పట్టు బిగించినప్పుడు కింద ఉన్నవాడు చేత్తో రెండుసార్లు తట్టాడంటే, మరుక్షణం వదిలేయాలి. ఎందుకని అడగకూడదు. "అంత గట్టిగా పట్టలేదే" అనకూడదు. నొప్పి ఎంత అన్నది నిర్ణయించేది పట్టుకున్నవాడు కాదు. ఈ ఒక్క నియమం ఉండటం వల్లే వందకిలోల మనిషి, యాభై కిలోల మనిషి ఒకే చాప మీద నమ్మకంగా సాధన చేయగలుగుతున్నారు.

ఇంట్లో తట్టడానికి చాప లేదు. మాటలున్నాయి. "ఇక చాలు." "నన్ను కాసేపు వదిలెయ్." "ఇప్పుడు కాదు, తర్వాత మాట్లాడదాం." వీటిని విన్న బలవంతుడు ఏం చేస్తాడన్నదే అసలు సంగతి. చాలామంది ఇంకో అయిదు నిమిషాలు కొనసాగిస్తారు, తమ పాయింటు పూర్తి కావాలి కదా.

ఇది చిన్నప్పుడే నేర్పొచ్చు, అదీ ఆటలో. చిన్నపిల్లకు గిలిగింతలు పెడుతున్నాం అనుకోండి. పగలబడి నవ్వుతూనే "వద్దు, వద్దు" అంటుంది. నవ్వుతోంది కదా అని పెద్దవాళ్ళు ఆపరు. ఆపి చూడాలి. "వద్దు" అన్న మొదటి మాటకే రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరగాలి. పిల్ల ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూస్తుంది. ఊపిరి పీల్చుకుంటుంది. తర్వాత నూటికి తొంభైసార్లు "మళ్ళీ" అంటుంది. ఆ "మళ్ళీ" ఇప్పుడు ఆ పిల్ల ఇచ్చిన అనుమతి. తనకంటే నాలుగింతలున్న మనిషి చేతులు తన మాటకు ఆగుతాయని ఆ పిల్లకు ఒంటికి తెలుస్తుంది. రేపు వేరెవరి చేతులో ఆగకపోతే అది తప్పని కూడా ఆ ఒంటికే తెలుస్తుంది. పిల్లల రక్షణ గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఇంత లోతుగా దిగదు.

పిల్లల్ని కొట్టడం మీద వాదన ఇక్కడే వస్తుంది. ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని మొట్టమొదట చట్టం చేసింది స్వీడన్, 1979లో. తర్వాత చాలా దేశాలు చేశాయి. "భయం లేకపోతే మాట వినరు" అనేవాళ్ళతో నేను నీతి మాట్లాడను, లెక్క మాట్లాడతాను. ముప్ఫై ఏళ్ళు దాటిన తర్వాత మనిషి కండ పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. అదే కాలంలో పిల్లవాడు పెరుగుతూ ఉంటాడు. భయం మీద కట్టిన మాట వినడం ఆ రెండు గీతలు కలిసేదాకానే. ఆ తర్వాత ఆ కొడుకు దగ్గర తండ్రికి ఏం మిగులుతుంది?

తగ్గిపోయిన బలం ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూస్తున్నాను. నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆయన్ని మంచం మీదనుంచి వీల్‌చైర్‌లోకి మార్చే పని నాకు వచ్చింది. బరువులు ఎత్తే అలవాటున్నవాణ్ణి, ఇదెంత అనుకోవడం సహజం. నేర్పించడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు మొదటి మాటే, "మీరు ఎత్తొద్దు, ఆయన్ని లేవనివ్వండి" అన్నారు. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో తర్వాత రోజూ తెలుస్తూ వచ్చింది.

జిమ్‌లో బరువుకు పట్టు ఉంటుంది. రెండు వైపులా సమానంగా ఉంటుంది. అది భయపడదు, మధ్యలో కదలదు. మనిషి అలా కాదు. పని స్థలాల్లో భద్రత మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఒక మనిషి ఎత్తదగిన వస్తువు బరువుకు హద్దు 23 కిలోలు. అదే పద్ధతిని రోగుల విషయానికి వర్తింపజేసినప్పుడు ఆ హద్దు 16 కిలోలకు దిగింది. పెద్దవాళ్ళ ఒంటి బరువు ముందు అదెంత? అందుకే మనిషిని మోసే పని కండతో అయ్యేది కాదని నర్సులకు మొదటే చెబుతారు. పద్ధతి కావాలి, లేదా ఇంకో మనిషి కావాలి, లేదా యంత్రం కావాలి.

పద్ధతి ఇలా ఉంటుంది. వీల్‌చైర్‌ను నాన్నకు బాగున్న ఎడమవైపు, మంచానికి కాస్త వాలుగా పెట్టాలి. బ్రేకులు వేసి, కాళ్ళు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పేయాలి. పడుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టాక వెంటనే నిలబెట్టకూడదు. పడక మీదనుంచి లేచిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు, లేదా కింది బీపీ 10 పాయింట్లు పడిపోవడం పెద్ద వయసువాళ్ళలో మామూలే. కళ్ళు తిరుగుతాయి, పడిపోతారు. కూర్చున్నాక నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఆ సమయం గడిచిపోతుంది. తర్వాత మంచం అంచుకు జరగాలి, రెండు పాదాలూ నేలకు ఆనాలి, మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి ఉండాలి. నడుముకు బెల్టు ఉంటుంది, నేను పట్టుకునేది దాన్నే. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు. చచ్చుబడిన కండరాలు భుజం కీలును పట్టి ఉంచలేవు, జారిపోతుంది, ఆ నొప్పి నెలలు వెంటాడుతుంది. చంకల కింద చేతులు పెట్టి ఎత్తడమూ అంతే చేటు. నా మోకాలు ఆయన కుడి మోకాలికి దన్నుగా పెడతాను, అది మడత పడకుండా. ఆయన ముందుకు వంగాలి, ముక్కు కాలివేళ్ళ మీదకు వచ్చేంతగా. అక్కడ బరువంతా పాదాల మీదకు వచ్చేసి, లేవడం దానంతటదే సగం అయిపోతుంది.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది నాన్నే. ఫిజియోథెరపిస్టు పట్టుబట్టి పెట్టించిన నియమం ఇది. నేను లెక్కపెడితే ఆయన సామాను. ఆయన లెక్కపెడితే ఆయన లేస్తున్నాడు, నేను సాయం పడుతున్నాను. కొన్నిసార్లు రెండు దగ్గర ఆగిపోతాడు. "ఆగరా" అంటాడు. ఊపిరి అందదు, లేదా భయమేస్తుంది, లేదా కిటికీలోంచి ఏదో చూస్తాడు. నేను సగం వంగిన భంగిమలో, బెల్టు పట్టుకుని, మోకాలు ఆనించి, అలాగే ఉండాలి. తొడలు మండుతాయి. ఏళ్ళ తరబడి చేసిన స్క్వాట్‌లు దేనికి పనికొచ్చాయంటే దీనికి. ఎత్తడానికి అంత కండ అక్కర్లేదు. ఆయన మూడు అనేదాకా వంగి ఉండటానికి కావాలి. ఓపిక అనేది మనసుకు సంబంధించిన గుణమని అందరూ అంటారు కానీ, అందులో చాలా భాగం నడుములోనూ కాళ్ళలోనూ ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఒళ్ళు అలిసిపోయినవాడు దయగా ఉండటం చాలా కష్టం. బలంగా ఉండాలనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు ఎక్కడా దొరకలేదు.

ఈ లెక్కపెట్టడం లాంటి చిన్న విషయాలు ఎంత దూరం వెళ్తాయో చూపిన పరిశోధన ఒకటుంది. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో దాన్ని ప్రచురించారు. అమెరికాలోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఒక అంతస్తు వాళ్ళకు, మీ గది ఎలా ఉండాలో, సమయం ఎలా గడపాలో మీరే చూసుకోవాలని గుర్తుచేశారు. తలా ఒక మొక్క తీసుకునే అవకాశమిచ్చి, నీళ్ళు పోసే బాధ్యత వాళ్ళకే అప్పగించారు. మరో అంతస్తు వాళ్ళకు, మీకు ఏ లోటూ రాకుండా మేం చూసుకుంటామని చెప్పారు. మొక్కలు వాళ్ళకూ ఇచ్చారు, నీళ్ళు మాత్రం నర్సులు పోశారు. మూడు వారాల తర్వాత చూస్తే మొదటి అంతస్తు వాళ్ళలో నూటికి 93 మంది మెరుగైనట్టు తేలింది. రెండో అంతస్తులో నూటికి 71 మంది పరిస్థితి ఇంకా దిగజారింది. ఇది చిన్న పరిశోధన. ఏడాదిన్నర తర్వాత మరణాల్లో కూడా తేడా కనిపించిందని చెప్పిన లెక్కను తర్వాత సవరించాల్సి వచ్చింది, ఆ తేడా మొదట అనుకున్నంత గట్టిది కాదు. అందుకని దీన్ని ఎక్కడికో తీసుకుపోనక్కర్లేదు. నన్ను కట్టిపడేసింది వేరే. రెండో అంతస్తు వాళ్ళకు ఎవరూ ద్రోహం చేయలేదు. మంచి మాటలే చెప్పారు, మొక్కలకు నీళ్ళు కూడా పోశారు. ప్రేమతో చేసే సేవ ఎంత సులువుగా మనిషి చేతుల్లోంచి పని లాక్కుంటుందో అక్కడ కనిపిస్తుంది.

బలమంటే కండ ఒక్కటే కాదు కాబట్టి ఈ లాక్కోవడం చాలా రకాలుగా జరుగుతుంది. సంపాదించేవాడు లాక్కుంటాడు. చదువుకున్నవాడు లాక్కుంటాడు. గబగబా మాట్లాడగలిగేవాడు అందరికంటే ఎక్కువ లాక్కుంటాడు. డాక్టరు గదిలో చూడండి. నాన్న ఎదురుగా కూర్చుని ఉండగానే డాక్టరు నావైపు తిరిగి, "ఆయనకు నిద్ర పడుతోందా?" అని అడుగుతారు. నాకు జవాబు తెలుసు. చెప్పడానికి రెండు సెకన్లు పట్టదు. నాన్న మాట ఇప్పుడు నెమ్మది, ఒక్కో పదం వెతుక్కోవాలి, బయట ఇంకా పదిమంది వరసలో ఉన్నారు. ఆ టెన్షన్‌లో నేను చేయగలిగింది ఒకటే, నోరు మూసుకుని నాన్న మొహం వైపు తిరగడం. నేను తిరిగితే డాక్టరూ తిరుగుతారు. చాలాసార్లు నాన్న చెప్పే జవాబు నేను చెప్పబోయింది కాదు కూడా.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. ప్రతిదీ అడిగి చేయడం కుదురుతుందా? కుదరదు. రోడ్డు మీదకు పరిగెత్తే పిల్లాణ్ణి అడిగి ఆపరు. పట్టుకుని లాగేస్తారు, లాగాలి కూడా. (అదీ మణికట్టు పట్టి గుంజకుండా ఒంటిని చుట్టి ఎత్తుకుంటే మేలు. అయిదేళ్ళలోపు పిల్లల్లో మోచేతి దగ్గర ఎముక అలాంటి గుంజుడుకు సులువుగా స్థానం తప్పుతుంది.) ప్రాణం మీదకు వచ్చినప్పుడు బలం ముందు, మాట తర్వాత. అయితే ఆ తర్వాత మాట ఉండాలి. ఎందుకు లాగానో చెప్పాలి. అత్యవసరం అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, "చూశావా, నేను లేకపోతే ఏమయ్యేదో" అని నెలల తరబడి దెప్పడం మొదలైతే కాపాడటం ఎప్పుడో అయిపోయింది, పెత్తనం నడుస్తోంది.

నాన్న కారు విషయంలో ఇది మాకు ఎదురైంది. ఇక నడపకూడదని డాక్టరు స్పష్టంగా చెప్పారు. నాన్న ఒప్పుకోలేదు, ఎడమ చేత్తో నడపగలనన్నాడు. బంధువుల్లో అందరిదీ ఒకటే సలహా, తాళాలు దాచేసి కారు రిపేరులో ఉందని చెప్పమని. సులువైన దారి అది, పైకి దయగా కూడా కనిపిస్తుంది. నేనూ అక్కా ఆ దారి పట్టలేదు. ఎదురుగా కూర్చుని, "నాన్నా, తాళాలు మేం తీసుకుంటున్నాం. నీకే కాదు, రోడ్డు మీద ఎవరికేం జరిగినా నువ్వు తట్టుకోలేవు" అని చెప్పాం. అరిచాడు. చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోప్పడే హక్కు ఆయనకు ఉంది, దాన్ని కూడా తీసేసుకోవడానికి మేమెవరం? నడపడం అన్న ఒక్క విషయంలోనే మా మాట నెగ్గింది. కారు అమ్మాలా, ఉంచాలా, ఎవరికివ్వాలి అన్నవి ఆయనకే వదిలేశాం. ఉంచుతానన్నాడు. ఉంది.

మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుంది అంటారు. దయగా ఉండమన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ సామెత తీస్తారు. దానికి నా జవాబు ఆ కారు తాళాలే. మెత్తగా చెప్పడం వేరు, మెత్తబడిపోవడం వేరు. గొంతు పెంచకుండా, అబద్ధం ఆడకుండా, అవతలి మనిషి కోపాన్ని భరిస్తూ ఒక మాట మీద నిలబడటానికి అరిచి గీపెట్టడం కంటే ఎక్కువ సత్తువ కావాలి. గట్టిగా అరిచేవాళ్ళు చాలాసార్లు ఆ భరించే పని తప్పించుకోవడానికే అరుస్తారు.

ఆ సత్తువ ఎక్కువ అవసరపడేది సొంతవాళ్ళ ముందు. వీధిలో ఎవడితోనో తలపడటానికి పదిమంది మెచ్చుకుంటారు. కుటుంబమంతా కలిసి కూర్చున్నప్పుడు, వయసులో పెద్దాయన ఒకరు ఓ ఆడపిల్ల ఒంటి రంగు మీదో, లావు మీదో నవ్వుతూ ఒక మాట విసురుతారు. అందరూ నవ్వేస్తారు. ఆ పిల్ల కూడా నవ్వుతుంది, నవ్వక ఏం చేస్తుంది? అక్కడ, "బాబాయ్, ఆ మాట వద్దు, ఆపెయ్యండి" అనడానికి ఎవరూ మెచ్చుకోరు. వాతావరణం చెడగొట్టావంటారు. పెద్దంతరం చిన్నంతరం లేదంటారు. ఈ మాట అనేవాడికి కండ అవసరమే లేదు, ఇంట్లో కాస్త పలుకుబడి ఉంటే చాలు. నా వాళ్ళ జోలికి వస్తే ఊరుకోను అన్నవాళ్ళలో ఎంతమంది ఇక్కడ ఊరుకోరు? నేను చూసినంతలో చాలామంది ఇక్కడే ఫోన్ తీసుకుని చూసుకుంటారు. జోలికి వచ్చింది తమవాడే కాబట్టి.

నిజంగా ప్రాణాపాయం వచ్చినప్పుడు కూడా ఉత్త బలం చాలదు. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం నేర్చుకున్నవాళ్ళకు ఇది తెలుసు. పెద్దవాళ్ళకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. దానికి సత్తువ కావాలి, అనుమానం లేదు. కానీ ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేచేలా బరువు వదిలేయాలి. అలా వదిలినప్పుడే గుండెలోకి మళ్ళీ రక్తం చేరుతుంది. ఆత్రంలో మీద వాలిపోయి నొక్కుతూనే ఉంటే లోపల పంపడానికి రక్తమే ఉండదు. ఇంకొకటి, పక్కన మరో మనిషి ఉంటే రెండేసి నిమిషాలకు మారాలి. నొక్కేవాడు అలిసిపోతున్నాడని వాడికంటే ముందు వాడి చేతులకు తెలుస్తుంది, లోతు తగ్గిపోతుంది. "నాకేం పర్లేదు, నేను చేస్తాను" అనే పౌరుషం అక్కడ రోగికే నష్టం.

నెలల తరబడి, ఏళ్ళ తరబడి సాగే సేవలో ఆ రెండు నిమిషాల గంట ఎవరూ కొట్టరు. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనే పరిశోధకులు జబ్బుపడిన భర్తనో భార్యనో చూసుకుంటున్న పెద్ద వయసువాళ్ళను నాలుగేళ్ళపాటు గమనించి 1999లో ఫలితాలు ప్రచురించారు. ఆ సేవలో నలిగిపోతున్నట్టు చెప్పినవాళ్ళు, అలాంటి బాధ్యత లేనివాళ్ళతో పోలిస్తే చనిపోయే ముప్పు 63 శాతం ఎక్కువగా ఎదుర్కొన్నారని తేలింది. సేవ చేస్తున్నా నలిగిపోవడం లేదన్నవాళ్ళలో అంత పెరుగుదల కనిపించలేదు. అంతా ఒంటిచేత్తో ఈదుకొస్తున్నానని గర్వంగా చెప్పుకునేవాళ్ళను చూస్తే ఇప్పుడు నాకు మెచ్చుకోవాలనిపించదు, పక్కన ఇంకెవరున్నారని అడగాలనిపిస్తుంది. పక్కన మనుషులున్నా రానివ్వనివాళ్ళు కూడా ఉంటారు. నేను చేసినంత బాగా ఎవరూ చేయలేరన్న నమ్మకం బలవంతులకు అంటుకునే జబ్బు.

మా అక్క ఒంటి బరువు నా బరువులో ఇంచుమించు సగం. ఆమె నాన్నను లేపగలదని నేనే కాదు, మొదట్లో నాన్న కూడా నమ్మలేదు. అదే ఫిజియోథెరపిస్టు ఆమెకూ నేర్పారు. బెల్టు, మోకాలి దన్ను, ముందుకు వంగడం, నాన్న లెక్క. ఎత్తే బలం లేదు కాబట్టి ఆమె ఒక్క మెట్టు కూడా వదలదు, పూర్తిగా నాన్న లేవడం మీదే ఆధారపడుతుంది. దాంతో ఆమె దగ్గర నాన్న ఎక్కువ సొంతంగా లేస్తాడు. నేనుంటే కాస్త బద్ధకిస్తాడు, వీడున్నాడులే అని. ఇప్పుడు వారాంతాల్లో నాన్నను అక్కే చూసుకుంటుంది, నేను ఇంట్లోంచి వెళ్ళిపోతాను. ఆ రెండు రోజులూ ఫోన్ చేసి మందులు వేశావా, బ్రేకులు వేశావా అని అడగను. అడగాలని మాత్రం గంటగంటకీ అనిపిస్తుంది.